బడికి నాగా పడకుండా, పడినా చదువు తెగిపోకుండా: తల్లిదండ్రులకు మార్గదర్శి

పొద్దున హాజరు పిలిచేటప్పుడు ఒక నంబరు దగ్గర జవాబు రాదు. ఇంకోసారి పిలుస్తాను. "రాలేదు టీచర్" అని వెనక బెంచీలోంచి ఎవరో అంటారు. మా రిజిస్టర్లో పొద్దున ఒక ఏటవాలు గీత, మధ్యాహ్నం దాన్ని కోస్తూ ఇంకో గీత గీస్తాం. రెండూ కలిసి ఇంటూ గుర్తయితే ఆ రోజంతా బిడ్డ బడిలో ఉన్నట్టు. రాని పిల్లల గడిలో 'ఎ' పడుతుంది. నెలాఖరున రోజులు కూడేటప్పుడు ఆ 'ఎ'లు ఎక్కడెక్కడ పడ్డాయో చూస్తే ఒక్కో ఇంటి సంగతి తెలిసిపోతుంది. ఒకరికి ప్రతి సోమవారం. ఒకరికి స్లిప్ టెస్టు ఉన్న రోజల్లా. ఒక అమ్మాయికి నెలకి మూడు రోజులు, దాదాపు అవే తేదీల్లో.

నేను తిరుపతి దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. అంతకుముందు చిత్తూరు వైపు పల్లెల్లో పనిచేశాను. ఇన్నేళ్లలో బాగా తెలిసొచ్చింది ఏమిటంటే, ఎవరూ ఒక్కసారిగా బడి మానరు. జ్వరమొచ్చో, పెళ్లికి పోయో నాలుగు రోజులు ఆగుతారు. ఐదో రోజు వస్తే పాఠం అర్థం కాదు, నోట్సు ఉండదు, అందరి ముందూ "ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావ్?" అని అడుగుతారు. ఆ ఒక్క రోజు తట్టుకోలేక ఆరో రోజు ఇంట్లోనే ఉండిపోతారు. అందుకే నాగాలు తగ్గించడం గురించి చెబుతూనే, తిరిగి బడికి వెళ్లే ఆ ఒక్క రోజు గురించి కాస్త ఎక్కువగా చెబుతాను.

ముందు రోజులు లెక్కపెట్టండి

"హాజరు 75 శాతం ఉంది కదా టీచర్, చాలదా?" అని చాలామంది అడుగుతారు. ఆ మాటను రోజుల్లోకి మార్చి చూడండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఏడాదికి ఒకటి నుంచి ఐదు తరగతులకు కనీసం 200 పనిదినాలు, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 220 పనిదినాలు ఉండాలి. 220లో 75 శాతం అంటే 165. మిగిలిన 55 రోజులు బిడ్డ బడిలో లేనట్టే. వారానికి ఆరు రోజుల చొప్పున తొమ్మిది వారాలు దాటుతుంది. రెండు నెలల చదువు పోయినా కాగితం మీద 75 శాతం నిలిచే ఉంటుంది.

ఆ 75 డబ్బుకీ, హాల్ టికెట్‌కీ పెట్టిన హద్దు. బిడ్డ చదువు కోసం తల్లి ఖాతాలో ప్రభుత్వం డబ్బు వేసే పథకంగా 2020 జనవరి 9న మన చిత్తూరులో మొదలుపెట్టిన అమ్మఒడికి ఆ నిబంధన ఉండేది, ఇప్పుడు తల్లికి వందనం పథకానికీ ఉంది. సీబీఎస్‌ఈలో పది, పన్నెండు తరగతుల బోర్డు పరీక్ష రాయాలన్నా 75 శాతం హాజరు కావాలి. చదువు సాగాలంటే మాత్రం అది చాలదు. నేను పదో వంతును హద్దుగా పెట్టుకున్నాను. 220 రోజులకి 22, అంటే నెలకి రెండు. ఒకే నెలలో మూడో నాగా పడిందంటే ఆగి, కారణమేమిటో చూడాల్సిందే.

దీనికి యాప్ అక్కర్లేదు. మన ఇళ్లలో గోడకి టీటీడీ క్యాలెండర్ ఎలాగూ ఉంటుంది. బడికి పోని రోజు తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి, పక్కన ఒక్క మాట రాయండి: జ్వరం, ఊరు, బస్సు పోయింది, కడుపునొప్పి. మధ్యాహ్నం నుంచి వచ్చేస్తే సగం సున్నా. ఒంటిపూట నాగాను ఇంట్లో ఎవరూ గుర్తుపెట్టుకోరు, రిజిస్టర్లో మాత్రం పడుతుంది. వాన సెలవులు లెక్కలోకి రావు. నవంబరు, డిసెంబరుల్లో వాయుగుండం పట్టి కలెక్టరు సెలవిచ్చిన రోజు పనిదినమే కాదు కాబట్టి అది నాగా కాదు. దాని బదులు తర్వాత ఏదైనా రెండో శనివారం బడి పెడితే, ఆ రోజు పోకపోవడం నాగాయే. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు.

నెలకోసారి క్లాస్ టీచర్ని అడిగి, బడి లెక్కతో మీ క్యాలెండర్ని సరిచూసుకోండి. ప్రభుత్వ బడుల్లో హాజరు ఇప్పుడు విద్యాశాఖ వాళ్ల లీప్ యాప్‌లో కూడా వేస్తున్నాం. సిగ్నల్ లేకో, తొందరలో వేలు జారో వచ్చిన బిడ్డకి రానట్టు పడే అవకాశం ఉంటుంది. వెంటనే చెబితే చూసి సరిచేయడానికి వీలుంటుంది. ఏడాది చివర పథకం జాబితాలో పేరు లేదని వస్తే, అప్పుడు ఆ రోజును వెతికి పట్టుకోవడం ఎవరికైనా కష్టం.

ఒక్కటి మాత్రం దయచేసి అడగొద్దు. "రాకపోయినా ప్రెజెంట్ వేసేయండి" అనకండి. బిడ్డ రోడ్డు మీదో చెరువు గట్టునో ఉన్న సమయంలో బడిలో ఉన్నట్టు రాసి ఉంటే, జరగరానిది జరిగినప్పుడు వెతికేవాళ్లు మొదట బడిలోనే వెతుకుతారు.

ఆ సున్నాలు ఏం చెబుతున్నాయో చూడండి

రెండు నెలల క్యాలెండర్ పక్కపక్కన పెడితే నాగాల వరస బయటపడుతుంది. సోమవారాలు ఎక్కువగా ఉంటే ఆదివారం రాత్రి ఇంట్లో ఏం జరుగుతోందో చూడాలి. ఎన్నింటికి పడుకుంటున్నారు, ఊరి నుంచి ఎన్నింటికి తిరిగొస్తున్నారు, హోంవర్క్ అయిందా లేదా. పరీక్ష రోజులే ఉంటే ఒక సబ్జెక్టు భయం. "బస్సు పోయింది" పదేపదే వస్తుంటే అది బస్సు తప్పు కాకపోవచ్చు. మన వైపు పాడి ఉన్న ఇళ్లలో పొద్దున్నే పాల క్యాను కేంద్రానికి చేర్చే పని పిల్లల మీద పడుతుంది. అక్కడ క్యూ పది నిమిషాలు ఎక్కువైతే పల్లెవెలుగు బస్సు వెళ్లిపోతుంది. ఆ పనిని సాయంత్రం పాలకి మారిస్తే నాగాలు ఆగిపోయిన ఇల్లు నాకు తెలుసు.

మన పండగల్నీ ముందే చూసుకోవాలి. ఆడికృత్తికకి తిరుత్తణికి కావడి మోసుకుపోయే కుటుంబాలు నగరి, పుత్తూరు వైపు ఎన్నో. పెరటాసి శనివారాలు, కాణిపాకం బ్రహ్మోత్సవాలు, శ్రీకాళహస్తి శివరాత్రి, ఊళ్లో ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం జరిగితే రాత్రంతా నాటకాలు. ఇవేవీ మానమని నేను చెప్పను, నేనూ మానను. కావడికి ఒక రోజు చాలు. అటునుంచి అటే చుట్టాలింటికి పోయి ఇంకో రెండు రోజులు ఉండిపోవడం దగ్గరే చదువు తెగుతుంది. శివరాత్రి అయితే పరీక్షలకి ఇంచుమించు ముందే వస్తుంది, అప్పుడు మరీ జాగ్రత్త. జూన్ 12 ప్రాంతంలో బడి తెరుస్తారు. తోతాపురి మామిడి కోతలు కూడా అప్పుడే. పెద్దవాళ్లు తోటకో, గుజ్జు ఫ్యాక్టరీకో పోతే పెద్ద బిడ్డ చిన్న బిడ్డని చూసుకుంటూ ఇంట్లో ఆగిపోతుంది. చిన్న బిడ్డకి మూడేళ్లు దాటితే అంగన్‌వాడీలో చేర్చండి. అంతకంటే చిన్నదైతే అవ్వనో, పిన్నమ్మనో ఆ నెల రోజులకి ముందే మాట్లాడిపెట్టుకోండి. జూన్‌లో పోయిన మొదటి పాఠాల మీదే ఏడాదంతా నిలబడుతుంది. లెక్కల్లో మరీనూ.

పొద్దున కడుపునొప్పి

"వాడు పోనంటా ఉండాడు టీచర్. పొద్దున కడుపునొప్పి అంటాడు, పదయ్యేసరికి ఆడుకుంటా ఉంటాడు" అని ఒక తల్లి చెప్పింది. ఇంట్లో అందరూ అది నాటకం అనుకున్నారు. చాలాసార్లు ఆ నొప్పి నిజమే. టెన్షన్‌కి కడుపు పట్టేస్తుంది, బడి టైము దాటగానే వదులుతుంది. ముందు డాక్టరుకి చూపించండి. ఒంట్లో ఏమీ లేదని తేలితే బడిలో ఏముందో వెతకాలి.

"ఎందుకు పోవు?" అని అడిగితే జవాబు రాదు. చిన్న చిన్న ప్రశ్నలు అడగండి, అదీ పొద్దున హడావిడిలో వద్దు. సాయంత్రం, పక్కపక్కన కూర్చుని ఏదో పని చేసుకుంటూ అడగండి. ఏ పీరియడ్ తొందరగా అయిపోవాలనిపిస్తుంది? ఇంటర్వెల్‌లో ఎవరితో ఉంటావు? అన్నం ఎవరి పక్కన తింటావు? బాత్రూముకి పోతావా, ఆపుకుంటావా? బస్సులో ఎవరైనా ఏమైనా అంటున్నారా? ఈ చివరి రెండు ప్రశ్నలకి వచ్చిన జవాబులు నన్ను చాలాసార్లు నిద్రపోనివ్వలేదు. సాయంత్రం దాకా బాత్రూముకి పోకుండా ఉండాలని పొద్దున్నుంచీ నీళ్లే తాగని ఆడపిల్లలు ఉంటారు.

నెలకి మూడు రోజులు ఆగే అమ్మాయి విషయంలో తల్లి గానీ పెద్దక్క గానీ మాట్లాడాలి. బ్యాగులో ఒక చిన్న సంచి, అందులో రెండు నాప్కిన్లు, ఒక కాగితం కవరు, మార్చుకోవడానికి లోదుస్తులు పెట్టి పంపండి. ఆ రోజుల్లో పీరియడ్ మధ్యలో బయటికి పోవాలంటే పోనివ్వమని లేడీ టీచర్‌తో ముందే ఒక మాట చెప్పండి. నొప్పి లేవలేనంతగా ఉంటే డాక్టరుకి చూపించాలి, "అందరికీ ఉండేదే" అని వదిలేయకూడదు.

కొట్టినందుకో, అవమానించినందుకో బిడ్డ భయపడుతుంటే, అది విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ నిషేధించిన పని. ముందు హెడ్‌మాస్టరుతో మాట్లాడండి, అక్కడ తేలకపోతే మండల విద్యాధికారికి (ఎంఈఓ) రాసివ్వండి. బిడ్డ దిగులుగా, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే, మనసు బాధలకి సలహా ఇచ్చే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.

పంపాలా, ఆపాలా?

జ్వరం మందు వేయకుండానే 24 గంటలు జ్వరం రాకపోతే పంపొచ్చు. వాంతులు, విరేచనాలు ఉంటే ఆపండి. అమ్మవారు పోస్తే పొక్కులన్నీ ఎండి పక్కు కట్టేదాకా పంపకూడదు. మన ఇళ్లలో తలకి నీళ్లు పోసే దాకా ఆపే అలవాటు ఎలాగూ ఉంది. కొంచెం జలుబు, నిద్ర చాలలేదు, యూనిఫాం ఆరలేదు లాంటి వాటికి ఆపొద్దు. యూనిఫాం ఆరకపోతే రంగు బట్టలతో పంపి, టీచర్‌కి ఫోన్ చేయండి. పంపకుండా ఉండటం కంటే అదే మేలు.

ఆపాల్సి వస్తే మొదటి రోజే చెప్పండి

హాజరు పిలవకముందే ఫోన్ గానీ మెసేజ్ గానీ వస్తే నాకు మనసు కుదుటపడుతుంది. లేకపోతే ఇంటి నుంచి బయల్దేరి బడికి చేరలేదా అన్న సందేహం తొలుస్తూనే ఉంటుంది.

ఈ విషయంలో ఒకటి అందరూ సరిచూసుకోవాలి. కుప్పం, పుంగనూరు వైపు తల్లిదండ్రులు బెంగళూరులో పనిచేసుకుంటూ పిల్లల్ని అవ్వాతాతల దగ్గర ఉంచుతారు. బడి రికార్డులో మాత్రం తండ్రి ఫోన్ నంబరే ఉంటుంది. మేం ఫోన్ చేస్తే ఎక్కడో బెంగళూరులో సెంట్రింగ్ మీద ఉన్న మనిషి ఎత్తుతాడు. బిడ్డ బడికి రాలేదని ఆయనకీ తెలియదు. బిడ్డతో ఒకే ఇంట్లో ఉన్నవాళ్ల నంబరు, అవ్వదైనా సరే, పక్కింటివాళ్లదైనా సరే, రెండో నంబరుగా రాయించండి.

రెండు రోజులు దాటితే లీవ్ లెటర్ రాయండి. ఇంగ్లిషులో రాయాలని ఎవరూ అనరు. ఇలా ఉంటే చాలు:

"తరగతి టీచర్ గారికి నమస్కారం. మా అబ్బాయి ఎనిమిదో తరగతి బి సెక్షన్, నంబరు 23. నిన్న రాత్రి నుంచి జ్వరం. రుయా ఆసుపత్రిలో చూపించాం. సోమ, మంగళ, బుధవారాలు బడికి రాలేడు. గురువారం పంపిస్తాను. ఈ మూడు రోజుల్లో ఏ పాఠాలు జరిగాయో పక్కన కూర్చునే పిల్లాడితో చెప్పి పంపండి. ఇట్లు," కింద మీ సంతకం, ఫోన్ నంబరు.

ఇందులో రెండు వాక్యాలు చాలా పని చేస్తాయి. "గురువారం పంపిస్తాను" అన్నది మీకు మీరే పెట్టుకునే గడువు. "ఏ పాఠాలు జరిగాయో" అన్నది టీచర్‌కి ఒక పని అప్పజెబుతుంది. ఓపీ చీటీ పారేయకండి. లీవ్ లెటర్ ఫొటో, చీటీ ఫొటో ఫోన్లో ఉంచుకోండి. సీబీఎస్‌ఈ వాళ్లు హాజరు తగ్గినవారికి జబ్బు, ఇంట్లో మరణం, ఆటల పోటీల లాంటి కారణాల మీద సడలింపు ఇస్తారు గానీ, కాగితం చూపిస్తేనే.

ఇంట్లో ఉన్న రోజుల్లో

జ్వరంతో ఉన్న బిడ్డని చదివించొద్దు. కోలుకుంటున్నప్పుడు సాయంత్రం పది నిమిషాలు స్నేహితుడు వచ్చిపోతే చాలు, లేదా ఫోన్లో మాట్లాడించండి. నోట్సు ఫొటోలు తెప్పించి నాలుగు రోజులది ఒక్క రాత్రి కాపీ చేయించడం చాలా ఇళ్లలో చేస్తారు. చెయ్యి నొప్పి పుట్టడం తప్ప బుర్రకి ఏమీ ఎక్కదు. ముందు లెక్కలు పట్టుకోండి, ఎందుకంటే అందులో నిన్నటిది రాకపోతే నేటిది రాదు. పుస్తకంలో చేసి చూపించిన ఉదాహరణలు రెండు, వెంటనే అభ్యాసంలో మొదటి రెండు లెక్కలు. అంతే. సైన్సు పాఠం ఒకసారి చదివితే చాలు, బొమ్మలు తర్వాత వేసుకోవచ్చు. తెలుగు, సోషల్ వారం ఆగినా నష్టం లేదు. పోయిన ఒక్కో రోజుకి ఒక్కో సాయంత్రం లెక్కన తీర్చుకోండి.

నాగా నెలలకి పోతే

పని కోసం కుటుంబం ఊరు మారుతుంటే చెప్పకుండా వెళ్లిపోకండి. టీసీ తీసుకోండి. చిన్న తరగతులకి రికార్డు షీట్ ఇస్తారు. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో చదివే పిల్లలకి విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రంలో కూడా అలాంటి బడికి మారే హక్కుంది. టీసీ ఆలస్యమైందని అక్కడ చేర్చుకోకుండా ఉండటానికి వీల్లేదు. చెప్పకుండా పోతే బిడ్డ పేరు ఆన్‌లైన్లో డ్రాప్‌బాక్స్‌లోకి, అంటే ఏ బడిలోనూ లేని పిల్లల జాబితాలోకి వెళ్తుంది, మళ్లీ బయటికి తీయడానికి రెండు బడులు ఒకరినొకరు వెతుక్కోవాలి.

ఎన్ని రోజులు రాకపోయినా ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా బిడ్డ పేరు కొట్టేసి పంపేయడానికి 16వ సెక్షన్ ఒప్పుకోదు. "పేరు తీసేసుంటారు, ఇంక ఏం మొహం పెట్టుకుని పోతాం" అనుకుని ఆగిపోయిన ఇళ్లు ఉన్నాయి. ఆ మాట నమ్మొద్దు. నేరుగా హెడ్‌మాస్టరు దగ్గరికి వెళ్లండి. బాగా వెనకబడితే వయసుకి తగిన తరగతిలోనే కూర్చోబెట్టి ప్రత్యేకంగా చెప్పించే ఏర్పాటు 4వ సెక్షన్‌లో ఉంది. ఆడపిల్లని రోజూ పంపడం కుదరకపోతే దగ్గర్లోని కస్తూర్బా విద్యాలయం (ఆడపిల్లల హాస్టల్ బడి) గురించి ఎంఈఓ ఆఫీసులో కనుక్కోండి. పద్నాలుగేళ్లలోపు బిడ్డని పనిలో పెట్టినా, పద్దెనిమిది నిండని అమ్మాయికి పెళ్లి మాటలు నడుస్తున్నా చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి. ఆ అమ్మాయి మీ ఇంటిది కానక్కర్లేదు.

తిరిగి వెళ్లే రోజు

మూడు రోజులైనా, మూడు నెలలైనా ఈ రోజు ఒకేలా ఉంటుంది. ఇది నా తప్పు నుంచి నేర్చుకున్నది.

ఒక పిల్లవాడు టైఫాయిడ్ వచ్చి చాలా రోజులకి బడికొచ్చాడు. అప్పటికి మేం వర్గమూలాలు సగం దాకా చేసేశాం. వాడు గుమ్మం దగ్గర నిలబడగానే, "ఏం నాయనా, ఇప్పటికి గుర్తొచ్చిందా బడి?" అన్నాను. ప్రేమగానే అన్నాననుకున్నాను. క్లాసంతా నవ్వింది. వాడు వెనక బెంచీకి పోయి తల వంచుకుని కూర్చున్నాడు. మర్నాడు రాలేదు. జ్వరం తిరగబెట్టిందేమో అనుకున్నాను. నాలుగో రోజు సాయంత్రం ఇంటికి వెళ్తే వాడు ఆవుకి గడ్డి వేస్తున్నాడు. వాళ్లమ్మ చెప్పింది, "జొరం లేదు టీచర్. అందరూ నవ్వినారంట. పోనంటా ఉండాడు." వాడు నా పేరు చెప్పలేదు. అందరూ అన్నాడంతే. నవ్వించింది నేను.

అప్పటి నుంచి అలా తిరిగొచ్చే పిల్లల్ని బెల్లుకి ముందే వరండాలో కలుస్తాను. "ఒళ్లు బాగుందా?" అని మాత్రం అడుగుతాను. ఆ రోజు లెక్క చేయడానికి వాళ్లని బోర్డు దగ్గరికి పిలవను.

మీరు చేయాల్సింది ఇది. ముందు రోజు రాత్రే టీచర్‌కి ఫోన్ చేసి, "రేపు వస్తున్నాడు, క్లాసులో అందరి ముందూ ఏమీ అడగకండి" అని చెప్పండి. ఇలా అడగడం మీ హక్కు, మొహమాటపడొద్దు. పక్కన కూర్చునే స్నేహితుణ్ణి పొద్దున ఇంటికే రమ్మనండి, ఇద్దరూ కలిసి వెళ్తారు. రాయని నోట్సు గురించి భయం ఉంటే ఒక తెల్లకాగితం మీద "జబ్బు వల్ల నోట్సు పూర్తి కాలేదు, వచ్చే సోమవారానికి పూర్తి చేయిస్తాను" అని రాసి, సంతకం పెట్టి బ్యాగులో ఉంచండి. పిల్లలకి ఆ కాగితం ఎంత ధైర్యమో చూస్తే తప్ప తెలియదు. నాలుగుగా మడిచి జేబులో పెట్టుకుంటారు, మధ్యమధ్యలో తడిమి చూసుకుంటారు.

చాలా రోజుల తర్వాత వెళ్తుంటే ఒంటిపూటతో మొదలుపెట్టొచ్చా అని హెడ్‌మాస్టర్ని అడగండి. మొదటి రోజు మధ్యాహ్న భోజనం దాకా, మూడో రోజుకి సాయంత్రం దాకా.

సాయంత్రం ఇంటికొచ్చాక "ఏం చెప్పారు, ఏం రాశావ్?" అని మొదలుపెట్టకండి. ముందు తినడానికి ఏదైనా పెట్టండి. ఆ తర్వాత, "ఎవరి పక్కన కూర్చున్నావ్?" అని అడగండి. ఆ జవాబు తొందరగా వస్తే రోజు బాగానే గడిచినట్టు. రాకపోతే ఆ రాత్రే టీచర్‌తో ఇంకోసారి మాట్లాడండి. తెల్లారి దాకా ఆగితే మళ్లీ కడుపునొప్పి వస్తుంది. రెండో రోజు కూడా బస్సెక్కేదాకా ఇంట్లో ఎవరో ఒకరు తోడు వెళ్లండి.